సకినాల దుకాణం బాగా నడుస్తోంది, ఉప్పల్‌లో బ్రాంచ్ పెట్టాలా?

ప్రశ్న: మాది హనుమకొండ. బీకాం ఫైనలియర్ చదువుతున్నాను. అమ్మ ఇంట్లోనే సకినాలు, గరిజెలు, మురుకులు చేసి అమ్ముతుంది. చుట్టడానికి ముగ్గురు వస్తారు, పిండి కలపడం, వేయించడం అమ్మే చూస్తుంది. సంక్రాంతికి ఆర్డర్లు వద్దనాల్సి వస్తోంది. హైదరాబాద్ ఉప్పల్‌లో బ్రాంచ్ పెడదాం, డబ్బు నేను పెడతా అంటున్నాడు బాబాయి. నాన్నేమో ఎంబీఏ చేయమంటున్నాడు.

జవాబు: బ్రాంచ్ సంగతి తర్వాత తల్లీ, ముందు ఇది చెప్పు. అమ్మకు వారం రోజులు జ్వరం వస్తే దుకాణం నడుస్తుందా? నడవదు కదా. మీకు గిరాకీ ఉంది, చేసే చేతులే సరిపోవట్లేదు. ఉప్పల్‌లో షట్టర్ తీసుకుంటే అద్దె, అడ్వాన్సు, కరెంటు బిల్లు పెరుగుతాయి, చేసేది మాత్రం హనుమకొండలో అమ్మ ఒక్కతే.

అందుకే మొదటి పని అమ్మ చేతివాటాన్ని కాగితం మీద పెట్టడం. బియ్యం ఎంతసేపు నానాలి, ఎంతసేపు ఆరాలి, కిలో పిండికి నువ్వులెన్ని, వామెంత, అన్నీ తూకం వేసి రాసుకో. అమ్మ 'అంతా అందాజే' అని నవ్వుతుంది, నవ్వనీ. వచ్చే ముగ్గురిలో ఒకరికి వేయించడం నేర్పించి, అమ్మ పక్కన లేకుండా ఒక వాయి తీయించి, పాత గిరాకీలకే రుచి చూపించండి. వాళ్లు తేడా పట్టుకోకపోతే అప్పుడు మీ వ్యాపారం పెరగడానికి సిద్ధమైనట్టు.

రెండోది లెక్క. నువ్వు బీకాం కాబట్టి గట్టిగానే అడుగుతున్నా, కిలో సకినాలకు ఖర్చెంత? నూనె, బియ్యం, గ్యాస్ అందరూ వేస్తారు, అమ్మ కూలి మాత్రం ఎవరూ వేయరు. అది కూడా వేసి చూడు, లాభం అనుకున్నదాంట్లో సగం ఆమె కష్టమే అని తేలినా ఆశ్చర్యం లేదు. అలా అయితే ముందు రేటు సరిచేయాలి, లేకపోతే ఎంత ఎక్కువ అమ్మితే అంత అలసట.

ఇవి కుదిరాక కూడా నేనైతే ఉప్పల్ వెళ్లను. కాజీపేట, సుబేదారి వైపు రెండు మూడు స్వీట్ షాపులకు, కిరాణాలకు ప్యాకెట్లు వేస్తాను. అద్దె లేదు, అమ్ముడుపోకపోతే ఆపేయొచ్చు. చిక్కల్లా ఉద్దెర దగ్గరే. నూనె మీరు నగదుకు కొంటారు, వాళ్లు నెలకు గానీ ఇవ్వరు, కాబట్టి ఎవరికి ఎంత వరకు ఇవ్వాలో ముందే గీత గీసుకో. పండగ లేని నెలల్లో పెళ్లి సారెల ఆర్డర్లు పట్టుకోండి, సంక్రాంతి ఒక్కదాని మీద పనివాళ్లను ఏడాదంతా నిలబెట్టుకోలేరు.

కాగితాల విషయం. ప్యాకెట్ మీద ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (కేంద్ర ఆహార భద్రతా సంస్థ) నంబరు, తయారీ తేదీ, నికర బరువు, ఎమ్మార్పీ ఉండాలి. చిన్న వ్యాపారాలకు ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ రిజిస్ట్రేషన్ ఏడాదికి 100 రూపాయలే. చిన్న వ్యాపారాలను ప్రభుత్వం దగ్గర నమోదు చేసే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ పూర్తిగా ఉచితం, డబ్బడిగే బ్రోకర్‌ను నమ్మొద్దు. పక్క రాష్ట్రానికి అమ్మకం మొదలుపెడితే టర్నోవర్ తక్కువే అయినా జీఎస్టీ రిజిస్ట్రేషన్ కావాలి. పెద్ద మూకుడు, ప్యాకింగ్ మెషీన్ లాంటివి కొనాలంటే ముద్ర పథకంలో కిశోర్ రకం కింద 50 వేల నుంచి 5 లక్షల దాకా బ్యాంకు అప్పు తాకట్టు లేకుండా అడగొచ్చు. చిన్న ఆహార పరిశ్రమలకు 2020లో మొదలైన కేంద్ర పథకంలో ప్రాజెక్టు ఖర్చులో 35 శాతం, గరిష్ఠంగా 10 లక్షల సబ్సిడీ పెట్టారు, ఇప్పుడు దరఖాస్తులు తీసుకుంటున్నారేమో జిల్లా పరిశ్రమల కేంద్రంలో కనుక్కో.

బాబాయి డబ్బు అప్పా, వాటానా? ఇది అడగడానికి మొహమాటపడితే రేపు పండక్కి కలవడం కూడా కష్టమవుతుంది. అప్పయితే వడ్డీ, గడువు రాసుకోండి. వాటా అయితే నష్టంలోనూ వాటా ఉంటుందని, దుకాణం పేరు అమ్మదేనని రాయించండి.

ఎంబీఏ మాట, నాన్నతో గొడవ పెట్టుకోకు. డిగ్రీ పూర్తి చెయ్, ఎంబీఏ ప్రవేశ పరీక్ష ఐసెట్ రాయి, హనుమకొండలోనే సీటొస్తే చేరు. సాయంత్రాలు దుకాణం లెక్కలు నీవి. దూరంగా, లక్షల ఫీజు కట్టే కాలేజీ అయితే మాత్రం ఆ డబ్బు వేయించే మనిషి జీతానికి పెట్టమనే చెప్తాను.