కొక్కెర తెగులు కాదు, గూట్లో ఎర్ర నల్లి: కుక్క మందు కోళ్ళకు, పిల్లికి వేయొద్దు

ప్రశ్న: మాది గుంటూరు జిల్లా. మావారి ఉద్యోగం వల్ల స్పెయిన్‌లో, ఎస్త్రెమదూరా ప్రాంతంలోని ఒక చిన్న ఊళ్ళో ఉంటున్నాం. పెరట్లో తొమ్మిది నల్ల కాస్తెయానా కోళ్ళు, ఒక మాస్తీన్ కుక్క, ఒక పిల్లి ఉండేవి. నెల నుంచి గుడ్లు సగానికి పడిపోయాయి. కోళ్ళ తురాయిలు పాలిపోయాయి. చీకటి పడితే గూట్లోకి పోకుండా అంజూర చెట్టెక్కి కూర్చుంటున్నాయి. మొన్న ఒక కోడి చనిపోయింది. ఇది కొక్కెర తెగులేనా? కుక్క మెడ మీద వేసే పిపెట్ మందునే కోళ్ళకూ రెండు చుక్కలు వేయమని మందుల దుకాణం అతను చెప్పాడు. పక్కింటి పెద్దావిడ కూడా అదే వాడుతుందట. రెండు కోళ్ళకు వేశాను. పెట్టె మీద ఫిప్రోనిల్, పెర్మెత్రిన్ అని ఉంది. మిగిలింది పిల్లికి వేయొచ్చా?

జవాబు: ముందు పిల్లి సంగతి చెబుతానమ్మా. వేయొద్దు. ఒక్క చుక్క కూడా వద్దు. పెర్మెత్రిన్‌ను విరగ్గొట్టి బయటికి పంపే శక్తి పిల్లి కాలేయానికి చాలా తక్కువ. కుక్కకు మామూలు మోతాదు అయినది పిల్లికి ప్రాణాంతకం. కొన్ని గంటల్లోనే చొంగ కారుతుంది, చెవులు, చర్మం అదురుతాయి, తర్వాత ఫిట్స్ వస్తాయి. ఈపాటికే వేసి ఉంటే గోరువెచ్చని నీళ్ళతో, గిన్నెలు తోమే సబ్బుతో కడిగి, తువ్వాల్లో చుట్టి వెంటనే పశువైద్యుని దగ్గరికి తీసుకెళ్ళండి. పాలు, నూనె పట్టించొద్దు. కుక్కకు ఈ మందు వేసినప్పుడు కూడా పూర్తిగా ఆరేదాకా పిల్లిని దాని పక్కన పడుకోనివ్వకండి.

ఇక కోళ్ళు. మీరు అనుకున్నది సరికాదు. కొక్కెర తెగులైతే నెల రోజులు ఇలా నానదు. టీకా లేని మందలో పచ్చటి పారుడు, నోరు తెరిచి ఊపిరి తీయడం, మెడ తిరగడం కనిపిస్తాయి, వరసగా చనిపోతాయి. మీ ఉత్తరంలో అసలు జబ్బును పట్టించేది అంజూర చెట్టు. కోడి రాత్రి గూటికి పోనంటే గూట్లో దాన్ని ఏదో కుడుతోందని అర్థం. రాత్రి కుట్టి రక్తం తాగే ఎర్ర నల్లి అని నా గట్టి అనుమానం. అక్కడి పశువైద్యునికి ‘ఆకరో రోహో’ అంటే తెలుస్తుంది.

ఈ రాత్రే చూడండి. చీకటి పడ్డాక రెండు గంటలాగి టార్చి, ఒక తెల్ల గుడ్డ తీసుకుని గూట్లోకి వెళ్ళండి. కోళ్ళు కూర్చునే కర్ర అడుగున, కర్ర గోడలో దిగే చివరల్లో గుడ్డతో గట్టిగా రుద్దండి. ఎర్రటి మరకలు అంటుకుంటే నల్లే. పురుగు ఒక మిల్లీమీటరు ఉండదు. రక్తం తాగకముందు బూడిద రంగు, తాగాక ఎరుపు. పగలు కోడి ఒంటి మీద వెతికితే దొరకదు, పగుళ్ళలో దాక్కుంటుంది. గుడ్ల మీద చిన్న రక్తపు చుక్కలు, మీ ముంజేతుల మీద దురద దద్దుర్లు ఉన్నాయేమో కూడా చూసుకోండి. రక్తం పోయి పోయి తురాయి పాలిపోతుంది, గుడ్లు తగ్గుతాయి, ముదిరితే కోడి చస్తుంది.

పురుగు గోడలో ఉంటే మందు కోడి మెడ మీద వేసి లాభమేమిటి? అదీగాక అది గుడ్లు పెట్టే కోడికి వేయకూడని మందు. ఐరోపాలో తిండికి పెంచే ఏ జంతువుకూ ఫిప్రోనిల్ వాడే అనుమతి లేదు. 2017లో నెదర్లాండ్స్, బెల్జియం కోళ్ళ ఫారాల్లో ఇదే ఎర్ర నల్లి కోసం వాడిన మందులో ఫిప్రోనిల్ కలిపారని బయటపడి లక్షలాది గుడ్లు పారబోశారు. ఇది కొవ్వులో నిలిచి వారాల తరబడి పచ్చసొనలోకి దిగుతూనే ఉంటుంది. అక్కడ గుడ్లలో పరిమితి కిలోకు 0.005 మిల్లీగ్రాములు. మీరు వేసిన రెండు చుక్కల ముందు అదెంత? ఆ రెండు కోళ్ళకు కాలికి రింగు వేసి వేరుగా ఉంచండి. వాటి గుడ్లు, మాంసం పశువైద్యుడు సరేననేదాకా మీరు తినొద్దు, పక్కింటికి ఇవ్వొద్దు, కుక్కకూ పెట్టొద్దు. ఏ గుడ్డు ఏ కోడిదో తెలియకపోతే ఇప్పటిదాకా దాచినవన్నీ పారేయండి.

దుకాణంలో మందు అమ్మేవాడు మీ గూడు చూశాడా? కోడిని చేత్తో పట్టుకున్నాడా? మన ఊళ్ళలోనూ ఇదే తంతు. పత్తికి కొట్టే మందును కోళ్ళ మీద, గేదెల మీద చల్లి, చచ్చాక మా దగ్గరికి వస్తారు. డబ్బా మీద ఏ జంతువు పేరుందో ఆ జంతువుకే మందు. అమ్మేవాడి మాట మీద మోతాదు నిర్ణయించుకోవడం మానండి.

సరైన మందు ఫ్లురలానర్. కోళ్ళ కోసం తాగే నీటిలో కలిపేది, డాక్టరు చీటీ మీద వస్తుంది. మోతాదు కిలో బరువుకు 0.5 మిల్లీగ్రాము, ఏడు రోజుల తేడాతో రెండుసార్లు. మీకు మిగిలినవి ఎనిమిది. ఒక్కోటి రెండు కిలోలనుకుంటే మొత్తం 16 కిలోలు, అంటే 8 మిల్లీగ్రాములు. మిల్లీలీటరుకు 10 మిల్లీగ్రాములుండే ద్రావణమైతే విడతకు 0.8 మిల్లీలీటర్లు. చెంచాతో కాదు, ఒక మిల్లీలీటరు సిరంజితో కొలవండి. కోళ్ళను తూకం వేశాకే లెక్క కట్టండి. మిగతా నీటి పాత్రలు తీసేసి, ఆ రోజులో తాగగలిగినంత నీటిలోనే కలపండి, 24 గంటల్లో అయిపోవాలి. రెండో విడత ఎగ్గొడితే అప్పటికి గుడ్డులో ఉన్న నల్లి తర్వాత లేచి మళ్ళీ మొదలెడుతుంది. ఈ మందుకు గుడ్లు ఆపక్కర్లేదు, మాంసం మాత్రం 14 రోజులు తినకూడదు. పిపెట్ వేసిన రెండు కోళ్ళ విషయం చీటీ రాసే ముందే డాక్టరుకు చెప్పండి. వాటికి ఇది ఇవ్వాలో వద్దో ఆయనే తేల్చాలి.

మందుతో సగం పనే అవుతుంది. తిండి లేకపోయినా ఈ నల్లి నెలల తరబడి బతుకుతుంది, కాబట్టి గూడు ఖాళీగా పెడితే చావదు. మందు మొదటి విడత రోజునే గూడు ఖాళీ చేసి, గడ్డి అంతా తీసి కాల్చేయండి. కర్రలు ఊడదీసి మరిగే నీళ్ళు పోయండి. పగుళ్ళు పూడ్చి, లోపలంతా చిక్కటి సున్నం రెండు పూతలు కొట్టండి. ఆ దేశపు దక్షిణాన పల్లెల్లో ఇళ్ళకు ఏటా సున్నం వేసే అలవాటుంది, కాబట్టి దొరకడం కష్టం కాదు. కళ్ళకు అద్దాలు, చేతులకు గ్లవ్స్ వేసుకోండి. పూర్తిగా ఆరాకే కోళ్ళను వదలండి. కర్రల చివరలు గోడకు తగలకుండా విడిగా స్టాండు మీద పెడితే నల్లి దాక్కునే చోటు తగ్గుతుంది. పిచ్చుకలు, పావురాలు కూడా దీన్ని మోసుకొస్తాయి, కిటికీకి సన్నని వల కొట్టండి.

కుక్క గురించి మీరు అడగలేదు కానీ చెప్పాలి. ఇదంతా చదివి భయపడి దానికి మందు మానేయొద్దు. అక్కడ ఇసుక ఈగ కుట్టడం వల్ల కుక్కలకు లీష్మేనియా జబ్బు వస్తుంది, ఎండాకాలమంతా ఆ ఈగ ఉంటుంది. పిల్లి ఉన్న ఇంటికి పనికొచ్చే కాలర్ ఏదో పశువైద్యుణ్ణి అడిగి తీసుకోండి. సంధ్య వేళ నుంచి తెల్లారేదాకా కుక్కను ఇంట్లోనే పడుకోబెట్టండి.