కీమో పోర్ట్‌లోంచి రక్తం ఎక్కిస్తే మూసుకుపోతుందా?

ప్రశ్న: మాది కావలి దగ్గర పల్లె. నాన్నకు 62 ఏళ్లు, పెద్దపేగు క్యాన్సర్‌కి చెన్నైలో కీమో జరుగుతోంది. మందులు ఎక్కించడానికి ఛాతీ కుడివైపు చర్మం కింద పోర్ట్ అనే చిన్న డబ్బీ లాంటిది పెట్టారు. మొన్న హిమోగ్లోబిన్ 6.8కి పడిపోతే, ఇంత దూరం రావద్దు, అక్కడే ఒక యూనిట్ రక్తం ఎక్కించుకోండి అని చెన్నై డాక్టర్లు చెప్పారు. ఇక్కడ నర్సులు పోర్ట్ జోలికే వెళ్లలేదు. అది కీమోకే, రక్తం ఎక్కిస్తే గడ్డకట్టి మూసుకుపోతుందన్నారు. నరం దొరక్క రెండు చేతులూ గుచ్చారు, ఇప్పటికీ కమిలి నల్లగా ఉన్నాయి. మళ్లీ ఎక్కించాల్సి వస్తే ఏం చేయాలి?

జవాబు: పోర్ట్‌లోంచే ఎక్కించొచ్చు. రక్తం, ప్లేట్‌లెట్లు, సెలైన్, యాంటీబయాటిక్స్ అన్నీ అందులోంచి ఇస్తారు, పరీక్షకు శాంపిల్ కూడా తీస్తారు. పోర్ట్‌కి అతికించిన సన్నటి గొట్టం పెద్ద సిరలోంచి గుండె పైభాగం దగ్గరిదాకా వెళ్తుంది, అక్కడ రక్తం జోరుగా పారుతుంటుంది కాబట్టి ఎక్కించింది వెంటనే కలిసిపోతుంది. అది మూసుకుపోయేది ఎక్కువగా, ఎక్కించాక లోపల మిగిలిన రక్తాన్ని సెలైన్‌తో సరిగ్గా కడగనప్పుడు.

అయితే ఆ నర్సుల మీద కోపం పెట్టుకోకండి. పోర్ట్ వాడటం నేర్చుకోనివాళ్లు దాన్ని ముట్టుకోకపోవడమే మీ నాన్నగారికి మేలు. దాని పైన సిలికాన్ మూత ఉంటుంది, మామూలు ఇంజెక్షన్ సూదితో గుచ్చితే అది చిన్న ముక్కగా తెగొస్తుంది, తర్వాత అక్కడినుంచి మందు చర్మం కిందకు కారుతుంది, కీమో మందు అలా కారితే కండ కూడా దెబ్బతింటుంది. అందుకే దీనికి హ్యూబర్ సూది అని వేరే ఉంది, దాని మొన వంపుగా ఉండి మూతను కోయకుండా లోపలికి దిగుతుంది. రక్తానికి మామూలుగా 19 లేదా 20 గేజ్ వాడతారు, ఇంకా సన్నదైతే సంచి చాలా నెమ్మదిగా దిగుతుంది.

తెలిసినవాళ్లు ఎలా చేస్తారో చెబుతాను, పక్కన కూర్చున్న మీకే అర్థమవుతుంది. మాస్క్, స్టెరైల్ గ్లౌజులు వేసుకుంటారు, చర్మాన్ని మందుతో తుడిచి ఆరేదాకా ఆగుతారు. వేళ్లతో పోర్ట్ అంచులు కదలకుండా పట్టుకుని సూదిని నిటారుగా, అడుగున గట్టిగా తగిలేదాకా దించుతారు. తర్వాత సిరంజితో వెనక్కి లాగి రక్తం వస్తోందా అని చూస్తారు. రాకపోతే దగ్గమంటారు, చెయ్యి పైకెత్తమంటారు, అయినా రాకపోతే ఆరోజు ఆ పోర్ట్‌లోంచి రక్తం ఎక్కించకూడదు, కారణం తేలాలి. సెలైన్ పోవడం లేదని చిన్న సిరంజితో బలంగా తోసేవాళ్లుంటే వెంటనే ఆపమనండి, ఒత్తిడికి లోపల గొట్టం చిట్లుతుంది. 10 ఎం.ఎల్. కంటే చిన్న సిరంజి వాడకూడదనేది అందుకే. నిజంగా గడ్డకట్టి మూసుకుపోయినా, కరిగించే మందు వేస్తే చాలాసార్లు తెరుచుకుంటుంది, అది క్యాన్సర్ ఆస్పత్రిలో చేసే పని.

ఈసారి కీమోకి చెన్నై వెళ్లినప్పుడు సరిపోయే సైజు హ్యూబర్ సూదులు రెండు అడిగి తెచ్చుకోండి, మన ఊళ్లలో మందుల షాపుల్లో వెతికితే దొరకడం కష్టం. పోర్ట్ వివరాలున్న కార్డు పర్సులో ఉండాలి. దీనిలోంచి రక్తం ఎక్కించొచ్చు, చివర్లో ఇంత సెలైన్‌తో కడిగి ఇంత హెపారిన్ (రక్తం గడ్డకట్టకుండా చేసే మందు) వేయండి అని లెటర్ కూడా రాయించుకోండి, అది చూస్తే ఇక్కడి డాక్టరుకూ ధైర్యం వస్తుంది. కావలిలో కుదరకపోతే నెల్లూరులోనో ఒంగోలులోనో కీమో ఇచ్చే ఆస్పత్రికి ముందే ఫోన్ చేసి, పోర్ట్‌లో సూది పెట్టడం తెలిసిన నర్సు ఆరోజు డ్యూటీలో ఉంటారా అని అడిగి వెళ్లండి. ఎవరూ లేరంటే మాత్రం చేతికే ఎక్కించనివ్వండి. వేడినీళ్లలో ముంచి పిండిన గుడ్డ కాసేపు కప్పితే నరాలు కాస్త తేలతాయి.

పోర్ట్ ఉంది కదా అని తొందరగా ఎక్కించేయమని అడగొద్దు. బ్లడ్ బ్యాంక్ ఫ్రిజ్‌లోంచి బయటికి తీసిన దగ్గర్నుంచి నాలుగు గంటల్లోపు సంచి అయిపోవాలి, కానీ ఈ వయసులో గుండె తట్టుకునేలా నిదానంగానే పోవాలి. ఆయాసం, వణుకు, జ్వరం, నడుము నొప్పి, దద్దుర్లు, ఏది కనిపించినా వెంటనే సిస్టర్‌ని పిలవండి, ముఖ్యంగా మొదటి పావుగంట పక్కనుంచి కదలొద్దు. ఒక యూనిట్‌కి హిమోగ్లోబిన్ సుమారు ఒక గ్రాము పెరుగుతుంది, మీ నాన్నగారికి 7.8 దాకా వస్తే అది చాలలేదని టెన్షన్ పడకండి.

తలసేమియా పిల్లల తల్లిదండ్రులు కూడా మా బిడ్డకీ ఇది పెట్టించమంటారా అని అడుగుతుంటారు. జీవితాంతం రక్తం ఎక్కించాల్సిన పిల్లలకు ఇన్‌ఫెక్షన్, రక్తం గడ్డకట్టే భయం ఎక్కువ కాబట్టి చేతి నరాలు దొరికినన్నాళ్లూ పోర్ట్ వద్దనే నేనంటాను.

వాడకపోయినా పోర్ట్‌ని కడిగించాలి, చాలాచోట్ల నెలకోసారి చేస్తారు, మీ ఆస్పత్రి చెప్పిన తేదీ తప్పొద్దు. ఇక 100.4 డిగ్రీలు దాటి జ్వరం వచ్చినా, పోర్ట్ కడిగిన కాసేపటికి చలి, వణుకు వచ్చినా పారాసిటమాల్ వేసి తెల్లారేదాకా ఆగకండి. కీమోలో ఉన్నవాళ్లకు అది గంటల్లో ప్రాణం మీదకు వస్తుంది, రాత్రయినా సరే ఆస్పత్రికి తీసుకెళ్లి పోర్ట్ ఉందని మొదటి మాటగా చెప్పండి. పోర్ట్ మీద చర్మం ఎర్రబడినా, అటువైపు చెయ్యిగానీ మెడగానీ వాచినా ఆరోజే చూపించాలి.