వరిలో పచ్చటి మిరిడ్ నల్లి కనిపిస్తే మందు కొట్టాలా?

కొట్టొద్దు, ఈ నల్లి (శాస్త్రీయ నామం సిర్టోరైనస్ లివిడిపెన్నిస్) వరిని పాడుచేసేది కాదు, సుడిదోమను తినేది. దోమ ఆకు తొడుగులో గుడ్లు దాస్తే, ఇది సూదిలాంటి ముక్కు దింపి పీల్చేస్తుంది. రోజుకు ఒక్కోటి 7–10 గుడ్లు, లేదంటే 1–5 దోమలు.

వరంగల్ వైపు వానాకాలం వరిలో దుబ్బు పక్కకు వంచి మొదలు చూడండి. గోధుమరంగుది దోమ. సుమారు 3 మిల్లీమీటర్ల పచ్చటి ఒళ్లు, నల్లటి తల, పొడుగు మీసాలుంటే మిరిడ్.

పత్తిలో గూడ (పూమొగ్గలు) రాల్చే మిరిడ్ కూడా ఇదేననుకోవడం దగ్గరే పొరపాటు జరుగుతోంది. కుటుంబం ఒకటే, ప్రజాతి వేరు. ఆ భయంతో సింథటిక్ పైరిథ్రాయిడ్ రకం పురుగుమందు కొడితే మిరిడ్ చస్తుంది, తొడుగులోని గుడ్లు మాత్రం మిగులుతాయి. తర్వాత దోమ మునుపటికన్నా ఎక్కువై, మడి సుడులు సుడులుగా ఎండుతుంది.