ధ్యానంలో శ్వాస దానంతట అదే ఆగిపోతే కుండలిని లేచినట్టేనా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది: ధ్యానంలో కూర్చున్న కాసేపటికి శ్వాస దానంతట అదే ఆగిపోతోంది, వెన్ను వెంబడి ఏదో జరజరా పాకినట్టుంది, ఇది కుండలిని జాగరణేనా, అంటే వెన్ను అడుగున నిద్రాణంగా ఉంటుందని యోగులు చెప్పే శక్తి మేల్కొనడమేనా, ధ్యానం మానేయాలా అని. నేను చాలా ఏళ్లుగా ‘శ్వాస మీద ధ్యాస’ పద్ధతిలోనే కూర్చుంటున్నాను. ఈ రెండూ నాకూ జరుగుతుంటాయి. శ్వాస ఆగడం మంచి సూచనే, కానీ దాన్నిబట్టి కుండలిని లేచిందని చెప్పలేం.

నాకు ముందు పొట్ట కదలిక బాగా తగ్గిపోతుంది. ముక్కు కొసన గాలి తగులుతోందో లేదో తెలియనంత సన్నబడుతుంది. ఊపిరి వదిలాక మళ్లీ పీల్చాలన్న తొందర ఉండదు. గుండె చప్పుడు చెవుల్లో వినిపిస్తుంది, నోట్లో లాలాజలం ఊరినా మింగబుద్ధి కాదు. ‘అరె, ఊపిరి ఆగిందే’ అని మనసుకు తట్టిన మరుక్షణమే మళ్లీ మొదలవుతుంది.

అలా మొదలయ్యే ఊపిరి ఎలా వస్తోందో గమనించండి. అసలు గుట్టు అక్కడే ఉంది. ఆయాసం లేకుండా మెల్లగా వస్తే అది సహజంగా ఆగిన శ్వాస. గబుక్కున ఎగపీల్చుకుంటూ వస్తే మీకు తెలియకుండానే ఊపిరి బిగపడుతున్నారన్నమాట. తల వాలిపోయి, గురకతో ఉలిక్కిపడి లేస్తుంటే అది కునుకు. రాత్రి నిద్రలో కూడా ఊపిరి ఆగుతోందని ఇంట్లోవాళ్లు చెబితే స్లీప్ ఆప్నియా పరీక్ష తప్పకుండా చేయించుకోండి.

హఠయోగ ప్రదీపిక అనే పాత యోగ గ్రంథంలో కుంభకం, అంటే ఊపిరి నిలపడం, రెండు రకాలు. పూరక రేచకాలతో (ఊపిరి పీల్చడం, వదలడంతో) కలిపి ప్రయత్నం మీద చేసేది సహిత కుంభకం, అవి లేకుండా హాయిగా నిలిచేది కేవల కుంభకం. కుంభకం వల్ల కుండలిని మేల్కొంటుందని కూడా ఆ గ్రంథమే అంటుంది, మీ అనుమానానికి మూలం అదే అయ్యుండాలి. అయితే అదే అధ్యాయంలో, సింహాన్నీ ఏనుగునూ పులినీ మచ్చిక చేసుకున్నట్టు ప్రాణవాయువును మెల్లమెల్లగా వశం చేసుకోవాలని, లేదంటే అది సాధకుడి ప్రాణం తీస్తుందని కూడా ఉంది. ఈ మాటను ఎవరూ పెద్దగా చెప్పరు.

ఇక శరీరం సంగతి. మనకు ఊపిరి పీల్చాలనిపించేది ఆక్సిజన్ తగ్గినందుకంటే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పెరిగినందుకే ఎక్కువ. కదలకుండా, మనసు నెమ్మదించి కూర్చుంటే ఒంట్లో అది తయారవడమే తగ్గుతుంది, అందుకే ఊపిరికీ ఊపిరికీ మధ్య ఎడం పెరుగుతుంది. ట్రాన్సెండెంటల్ మెడిటేషన్ అనే మంత్రధ్యానం చేసేవాళ్ల మీద 1982లో వచ్చిన ఒక అధ్యయనంలో కూడా ధ్యానం మధ్య శ్వాస ఆగిన ఘట్టాలు నమోదయ్యాయి, ఆ తర్వాత వాళ్లేమీ రొప్పలేదు.

ఇక్కడొక తిరకాసు ఉంది. ముందు భస్త్రికో కపాలభాతో, అంటే ఊపిరిని వేగంగా బయటికి కొట్టే ప్రాణాయామాలు, గట్టిగా చేసి ధ్యానంలో కూర్చుంటే ఆ కార్బన్ డయాక్సైడ్ ముందే బయటికి పోయి ఉంటుంది. అప్పుడు కూడా ఊపిరి సునాయాసంగా ఆగుతుంది, వేళ్లు, పెదాల చుట్టూ తిమ్మిరెక్కుతాయి, తల తేలిపోతుంది. దాన్నే శక్తి లేవడమని మురిసిపోయేవాళ్లను చూశాను, పాపం ఎవరో ఒకరు ముందే చెప్పి ఉంటే బాగుండేది.

సరే, నిజంగానే కేవల కుంభకం అనుకుందాం. అయినా ఏమిటి? రమణ మహర్షి ఒక యోగి కథ చెప్పేవారు. ఆ యోగి శిష్యుణ్ణి మంచినీళ్లు తెమ్మని, అవి వచ్చేలోపే సమాధిలోకి వెళ్లిపోయాడు. ఏళ్లు గడిచాక కళ్లు తెరిచి మొదట అడిగింది ‘నీళ్లేవి?’ అని. శ్వాసతో పాటు మనసు అణిగింది గానీ పోలేదు, లోపలున్న కోరిక అలాగే ఉంది. అందుకే ఎంతసేపు ఆగింది అన్న లెక్క నేను పెట్టుకోను, మీరూ పెట్టుకోవద్దు. ఆగితే ఆగనివ్వండి, వస్తే రానివ్వండి. వెన్నులో జరజర విషయంలో కూడా నాది ఇదే పద్ధతి, దాని వెంట పడను.

మానేయాల్సిన సందర్భాలు మాత్రం ఉన్నాయి. కశ్మీర్‌కు చెందిన గోపీ కృష్ణ 1937లో కుండలిని అనుభవం కలిగాక నిద్రాహారాలు కరువై ఏళ్ల తరబడి నరకం చూశారు, ఆయనే రాసుకున్నారు. మీకు వరసగా నిద్ర పట్టకపోయినా, కారణం లేని భయమో విపరీతమైన ఉత్సాహమో వచ్చినా ధ్యానం ఆపి, కడుపునిండా తిని, మానసిక వైద్యుణ్ణి కలవండి, ఇందులో నామోషీ ఏమీ లేదు. బీపీ, గుండె జబ్బు, మూర్ఛ ఉన్నవాళ్లు, గర్భిణులు ఊపిరి బిగపట్టే సాధన జోలికే వెళ్లకూడదు.

ధ్యానానికి ముందు ప్రాణాయామం చేస్తున్నారో లేదో మీరు రాయలేదు. చేస్తుంటే ఓ వారం దాన్ని సాయంత్రానికి మార్చి, పొద్దున ఉత్తినే కూర్చుని చూడండి. అప్పుడు కూడా ఇలాగే ఆగుతోందా, వచ్చే ఊపిరి మెల్లగా వస్తోందా అన్నది రాస్తే మిగతాది మాట్లాడుకుందాం.