బియ్యం గది తాళంచెవి

చిరంజీవికి ఆశీస్సులు.

పశ్చిమాఫ్రికాలో మాలి దేశంలోని కాయ్ ప్రాంతం మీద నువ్వు రాసి పంపిన కథ రెండుసార్లు చదివాను. భర్త పారిస్ వెళ్లిన మర్నాటికల్లా నీ కథానాయిక ఇంటికి యజమానురాలైపోయింది. అంత సులువుగా కాదమ్మా.

ఆ ప్రాంతపు సోనింకే జాతివాళ్ల లోగిలిలో అన్నదమ్ములు, వాళ్ల భార్యాబిడ్డలు కలిసి ఉంటారు. మగవాళ్లలో పెద్దవాడిది పెత్తనం. అతన్ని వాళ్ల భాషలో కాగుమ్మె అంటారు. ఫ్రాన్స్ నుంచి వచ్చే డబ్బు చాలా ఇళ్లలో భార్యకు కాక ఆ పెద్దాయనకే చేరుతూ వచ్చింది. కాబట్టి ఆ డబ్బుతో కొన్న బియ్యం బస్తాల గదికి తాళం ఎవరు వేస్తారో, పూటకు కావలసిన గింజల కోసం కోడలు ఎవరి ముందు నిలబడుతుందో చూపించు. మగవాళ్లు వదిలి వెళ్లిన జొన్నచేలో కలుపు తీసే పని ఆమె మీద పడి ఉండవచ్చు, కానీ చాకిరీ వచ్చిన దారినే పెత్తనం కూడా వస్తుందనుకోవద్దు.

నలభై ఏళ్ల కిందట జగిత్యాల వైపు ఒక గల్ఫ్ ఇంటి మీద కథ రాస్తూ నేనూ ఇదే పొరపాటు చేశాను. భార్య చేతిలో పాసుబుక్కు పెట్టాను. ఆ ఊరి ఆవిడే ఒకరు చదివి, "పాసుబుక్కు మా అత్త బీరువల ఉంటది సారూ" అని నవ్వింది.

ఆ భర్త ఏ సంవత్సరంలో వెళ్లాడో కూడా తేల్చుకో. 1960లలో వెళ్లినవాళ్లు కొన్నేళ్లు ఫ్యాక్టరీలో పనిచేసి తిరిగివస్తే, వాళ్ల స్థానంలో తమ్ముడో, అన్న కొడుకో బయలుదేరేవాడు. 1974లో ఫ్రాన్స్ కార్మికుల రాకను నిలిపివేశాక, ఊరికి వస్తే మళ్లీ లోపలికి రానివ్వరేమోనన్న భయంతో చాలామంది అక్కడే ఉండిపోయారు. అంటే నీ కథానాయిక ఎన్ని వానాకాలాలు ఒంటరిగా గడిపిందన్నది ఆ సంవత్సరాన్ని బట్టే ఉంటుంది.

అలాగని ఆమెకు సొంతమన్నది లేదని రాయకు. పెళ్లయిన ఆడవాళ్లకు వేరుశనగ వేసుకునే చిన్న పొలం చెక్క ఎప్పటినుంచో ఉంది. నీలిమందు అద్దకం కూడా వాళ్ల విద్యే. ఏటి ఒడ్డున పండించిన ఉల్లిపాయలమ్మిన డబ్బుతో ఆమె తోటివాళ్లతో చీటీ వేస్తుంది. అక్కడ పాట ఉండదు, వంతుల వారీగా తీసుకోవడమే. ఆ వంతు వచ్చిన రోజున ఆమె ఎవరినీ అడగకుండా ఏం కొంటుందన్నది నువ్వు ఒక్క వాక్యంలో దాటేశావు. అక్కడ ఆగి ఒక పేజీ రాయాలి.

ఫోను సన్నివేశం కూడా మార్చు. ఫోను మొదట మామగారు ఎత్తాలి, తరువాత అత్తగారు, బావగారు మాట్లాడాలి; అందరూ వింటుండగా చివర కోడలి చేతికి వచ్చేసరికి మిగిలేది ఒకటో రెండో నిమిషాలు.

దసరాలోపు తిరగరాసి పంపు. ఆఖరి రెండు పేజీల జోలికి మాత్రం వెళ్లకు, అవి బాగున్నాయి.