‘కొత్త జాతి’ అని రాసే ముందు

విజయవాడ,
సత్యనారాయణపురం

చిరంజీవికి ఆశీస్సులు. ఉభయకుశలోపరి.

అమ్మాయ్, లాం దగ్గర మిరప చేలో నీకు దొరికిన కందిరీగ మీద రాసిన వ్యాసం అందింది. రెండుసార్లు చదివాను. మొదటి వాక్యంలోనే ‘ప్రపంచానికి ఇంతవరకు తెలియని కొత్త జాతి’ అన్నావు. అక్కడే ఆగిపోయాను. నీ ఉత్సాహం నాకు నచ్చింది. కానీ ఆ ఒక్క మాట వెనక ఎంత పని ఉండాలో నీకు చెప్పాలి.

పసుపు రంగు పళ్లెంలో సబ్బు నీళ్లు పోసి గట్టు మీద పెట్టానని రాశావు. సాయంత్రానికి నలకల్లాంటివి తేలాయి, ఒక్కోటి మిల్లీమీటరు కూడా లేదు. అంతవరకు నీతో పాటు చేలోనే ఉన్నాను. తర్వాత ‘అందమైన రెక్కలు, వింతైన మీసాలు’ అని వదిలేశావు. పురుగు నా కళ్ల ముందు నుంచి మాయమైపోయింది. మీసానికి ఎన్ని కణుపులు? చివరిది గదలా లావుగా ఉందా? రెక్క అంచున ఉన్న వెంట్రుకలు ఎంత పొడవు? పాదంలో కణుపులు ఎన్ని? వేరే పురుగుల గుడ్లలో తమ గుడ్లు పెట్టే చిన్న కందిరీగలు, ట్రైకోగ్రామా కుటుంబానికైతే మూడే ఉంటాయి. ఆ లెక్క ఒక్కటి చెప్పినా తెలిసినవాళ్లు సగం దారి నీతో వచ్చేస్తారు. ‘వింతైన’ అంటే ఎవరికి ఏం తెలుస్తుంది?

ట్రైకోగ్రామా అనగానే గుర్తొచ్చింది. అరమిల్లీమీటరు పురుగు, పైకి అన్నీ ఒకేలా ఉంటాయి, రంగు చూద్దామంటే వాతావరణంలో వేడిని బట్టి మారిపోతుంది. మన దేశంలో చాలాకాలం ఒకదాన్ని ఇంకోదాని పేరుతో పిలిచారు. బెంగళూరులో కీటక శాస్త్రవేత్తలు సుధా నాగర్కట్టి, హెచ్. నాగరాజ మగపురుగు జననాంగాల తీరు చూసి జాతులను విడదీయవచ్చని 1971లో వివరంగా చూపించారు. ఇది పండితుల గొడవ అనుకోకు. వరిలో కాండం తొలిచే పురుగుకు జపానికమ్ అనే ట్రైకోగ్రామా జాతి కార్డులు, అంటే ఆ కందిరీగ లోపల పెరుగుతున్న పురుగు గుడ్లు అతికించిన అట్టముక్కలు, కడతారు, ఆకుముడతకు కైలోనిస్ జాతి కార్డులు. పేరు తప్పితే రైతు డబ్బు పోతుంది, పంటా పోతుంది. అందుకే అడుగుతున్నాను, నీ పళ్లెంలో మగపురుగు పడిందా?

ఇంకొకటి. పత్తి మీద పిండినల్లి విరుచుకుపడిన రోజుల్లో దాన్ని లోపలి నుంచి తినేసే కందిరీగ ఒకటి మన చేలల్లోనే కనిపించింది. అలీగఢ్‌కు చెందిన మహమ్మద్ హయత్ 2009లో దాన్ని కొత్త జాతిగా వర్ణించి ఈనేసియస్ బంబావాలే అని పేరు పెట్టారు. ఈ చిన్న కందిరీగల విషయంలో ఆయనంత అనుభవం ఉన్నవాళ్లు చాలా తక్కువ. అయినా కొన్నేళ్లకు, ఎప్పుడో గిరో అనే ఆయన అరిజోనెన్సిస్ అని పేరు పెట్టిన పురుగూ ఇదీ ఒకటేనని తేలింది. పాత పేరే నిలిచింది. హయత్ వర్ణన అంత స్పష్టంగా ఉండబట్టే తర్వాతివాళ్లు రెంటినీ పోల్చి చూడగలిగారు. నీ వర్ణన కూడా అలా ఉండాలని నా కోరిక. నువ్వు పొరబడినా సరిదిద్దుకునే వీలు అందులో ఉండాలి. పేరు పెట్టాక దానికి ఆధారంగా ఒక నమూనా ఉండాలి కదా, హోలోటైప్ అంటారు. దాన్ని ఎక్కడ భద్రపరుస్తారో నీ వ్యాసంలో ఎక్కడా లేదు.

నన్ను అన్నిటికంటే బాధపెట్టింది చివరి పేరా. ‘మిరపను దెబ్బతీసిన నల్ల తామర పురుగుకు ఇదే విరుగుడు’ అని రాశావు. 2021లో ఆ పురుగు వచ్చినప్పుడు గుంటూరు జిల్లాలో పూత రాలిపోయిన చేలు నేను చూశాను. పంట పీకేసిన రైతులతో మాట్లాడాను. వాళ్లలో ఒక్కరు నీ వాక్యం నమ్మినా ఏమవుతుందో ఆలోచించు. పళ్లెంలో పడిన పురుగు తాను ఏ గుడ్డులోంచి వచ్చిందో చెప్పదమ్మా. గుడ్లున్న ఆకు తెచ్చి గాజు గొట్టంలో వేసి, మూతికి గుడ్డ కట్టి, అందులోంచి కందిరీగ బయటికి రావడం నువ్వు కళ్లారా చూడాలి. అది చూశాక రాయి.

నేనూ ఒక తప్పు చేశాను. ట్రైకో కార్డుల గురించి మొదట్లో రాసిన వ్యాసంలో, కందిరీగ లోపల తన గుడ్డు పెట్టాక పురుగు గుడ్లు నల్లగా మారతాయన్న సంగతి రాయడం మరిచిపోయాను. తెనాలి వైపు రైతు ఒకాయన కార్డులు నల్లగా ఉన్నాయని, గుడ్లు కుళ్లిపోయాయనుకుని కాలవలో పారేశాడు. ఆ తర్వాత నాకు ఫోన్ చేశాడు. ఒక్క వాక్యం రాసి ఉంటే సరిపోయేది. ఇప్పటికీ ఏదైనా రాయడం పూర్తయ్యాక ఆ నల్ల గుడ్లు గుర్తొచ్చి మళ్లీ మొదటి నుంచి చదువుతాను.

ఆదివారం పొద్దున్నే బస్సెక్కి వచ్చెయ్. స్లైడు, పళ్లెం పెట్టిన చోటూ తేదీ రాసుకున్న నోటుబుక్కు తెచ్చుకో. మిగిలిన పురుగులను ఆల్కహాల్‌లోనే ఉంచు, ఎండనివ్వకు. నీ మొదటి వాక్యాన్ని మనిద్దరం కూర్చుని తిరగరాద్దాం. పిన్ని భోజనానికి ఉండమంటోంది.

ఆశీస్సులతో,
బాబాయ్