వాకిట్లో ఫ్రయ్యర్, నురగ కట్టే నూనె

ప్రశ్న: సంక్రాంతి సకినాలకని వాకిట్లో పెట్టే గ్యాస్ ఫ్రయ్యర్ కొన్నాం. రెండో వాయికే నూనె నురగ కడుతోంది, అడుగున నల్లటి మడ్డి. ఏం చేయాలి?
– ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: మడ్డి అంటే రాలిన నువ్వులేనమ్మా, వాయి వాయికీ జాలితో తీసేయండి. నురగ మాత్రం తడి వల్ల. పోయినేడు సకినాలు బట్ట మీద ఆరకముందే వేసేశాను. నూనె పొంగి మణికట్టు మీద పడింది, మచ్చ ఇంకా ఉంది. చుట్టు విరగకుండా చేతికి లేస్తేనే వేయండి. నూనె గిన్నెలోని గీత దాటొద్దు, వేడి 180 డిగ్రీలు మించొద్దు. చల్లారాక పలుచటి బట్టలో వడగట్టండి. కమురు వాసన వస్తే పారేయండి, మోరీలో మాత్రం పోయకండి. గిన్నె కడిగాక సబ్బు, తడి మిగలకూడదు. మంట లేస్తే నీళ్లు పోయొద్దు. గ్యాస్ కట్టేసి మూత పెట్టండి. ఆ మూత ముందే పక్కన ఉండాలి, మావారిలా అప్పుడు వెతకడం కాదు!